మళ్లీ తిత్లీ లాంటి తుఫాను వస్తే పది రోజులు మా మండలం తట్టుకోగలదా?

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట మండలం. 2018లో తిత్లీ వచ్చినప్పుడు నేను ఇంటర్. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడిపోయి మూడు రోజులు మా ఊళ్లోకి బండి రాలేదు. మళ్లీ అలాంటిది వస్తే పది రోజులు బయటోళ్ల సాయం లేకుండా ఉండగలమా అని మా కుర్రోళ్లం లెక్క తీస్తున్నాం. ముందు ఎవరింట్లో ఎంత బియ్యం ఉందో రాస్తున్నాం, కరెక్టేనా?

జవాబు: మీరు చేస్తున్న పని చాలా మంచిది తమ్ముడూ, కానీ బియ్యం దగ్గర మొదలుపెట్టకండి, నీళ్ల దగ్గర మొదలుపెట్టండి. మనిషికి తాగడానికి, వంటకి, కడుక్కోడానికి కలిపి రోజుకి 15 లీటర్లు కనీసం వేసుకోవాలి, అంటే 3000 మంది ఉన్న ఊరికి 45,000 లీటర్లు, మీ ఓవర్‌హెడ్ ట్యాంకు 60,000 లీటర్లదైనా రోజున్నర కూడా రాదు, ఆ తర్వాత మోటారు ఆడాలి, మోటారుకి కరెంటు కావాలి. హిరమండలం రిజర్వాయర్ నుంచి వచ్చే నీళ్లదీ అదే సంగతి, పంపింగ్ ఆగితే కుళాయి ఆగిపోద్ది. అందుకని ఏం ఉంది అని కాకుండా కరెంటు లేకుండా ఏం పనిచేస్తుంది అని రాయండి. పనిచేసే చేతిపంపులు ఎన్ని, ట్రాక్టర్ మీద పెట్టి ఊరూరా తిప్పగలిగే జనరేటర్ ఎవరి దగ్గరుంది, డీజిల్ ఎన్ని గంటలకి సరిపోద్ది, చెట్లు కోసే మిషన్లు ఎన్ని, అవి నడపడం ఎవరికొచ్చు. బియ్యానికైతే రేషన్ డిపోలో నెలలో ఏ తారీఖుకి ఎంత స్టాక్ మిగులుతుందో కనుక్కుంటే చాలు, మనది కొబ్బరి, జీడి పండే నేల కాబట్టి తిండిగింజలు చాలావరకు బయటనుంచే రావాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది డయాలసిస్, అంటే కిడ్నీలు పాడైనవాళ్లకి మిషన్‌తో రక్తం శుద్ధి చేయడం. వేరే మండలంలో ఇది లిస్టులో కింద ఎక్కడో ఉంటుందేమో, కిడ్నీ జబ్బు ఇంత ఎక్కువున్న ఉద్దానంలో మాత్రం పైనే ఉండాలి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, శుద్ధి చేసిన నీళ్లే 120 లీటర్ల దాకా పడతాయి, కరెంటూ నీళ్లూ రెండూ ఉంటేనే మిషన్ నడిచేది. ఊళ్లో ఎవరెవరు చేయించుకుంటున్నారో, ఏ రోజుల్లోనో వాళ్ల ఇష్టంతోనే రాసుకుని సచివాలయంలో ఏఎన్ఎంకి (ఊరి నర్సుకి) ఇవ్వండి, తుఫాను హెచ్చరిక రాగానే ముందే ఒక సెషన్ చేయించి సెంటర్‌కి దగ్గర్లో ఉంచే ఏర్పాటు గురించి డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడండి.

ఇంకో మాట, ఇది ప్రతి ఇంట్లో చెప్పండి. తుఫాను తర్వాత మంచినీళ్లు దొరక్క, రాలిన బొండాలు కొట్టుకుని అందరూ తాగేస్తారు, మిగతావాళ్లకి పర్లేదు, కిడ్నీ పేషెంట్లకి మాత్రం ఇవ్వొద్దు. అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ తప్పిపోయిన మనిషికి అది గుండె ఆగిపోయేదాకా తెస్తుంది. వాళ్ల ఇళ్లలో మూతున్న డ్రమ్ములో మంచినీళ్లు విడిగా పట్టి ఉంచమనండి, రోజుకి ఎంత తాగాలో డాక్టర్ చెప్పిన కొలత ఆ డ్రమ్ము మీదే రాసి పెట్టండి.