ఫైర్ ఉద్యోగం కోసం లక్షా ఇరవై వేలు కట్టాలా?

ఆదోని నుంచి ఒకాయన రాశారు. పత్తి జిన్నింగు మిల్లులో హమాలీ పని. ‘మావాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరతానని పట్టు పట్టాడు. కర్నూల్లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాకు లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు. చేరితే గవర్నమెంటు ఫైర్ ఉద్యోగమో, గల్ఫ్ ఉద్యోగమో గ్యారంటీ అంట. అప్పు తెచ్చి కట్టమంటారా? వాళ్లమ్మేమో నిప్పుల్లోకి పంపనని ఏడుస్తోంది.’

అన్నా, ముందు డబ్బు సంగతి. కట్టొద్దు. కనీసం ఇప్పుడే కట్టొద్దు.

మన రాష్ట్రంలో ఫైర్‌మన్ ఉద్యోగానికి ఆ డిప్లొమా అక్కర్లేదు. పోలీసు ఉద్యోగాలు భర్తీ చేసే రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలే ఫైర్‌మెన్‌నూ తీసుకుంటుంది. 2018లో కానిస్టేబుళ్లు, జైలు వార్డర్లు, ఫైర్‌మెన్ అందరికీ కలిపి ఒకే నోటిఫికేషన్ ఇచ్చారు. ముందు ఒక రాత పరీక్ష, తర్వాత పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు, చివర్లో ఇంకో రాత పరీక్ష. ఇంటర్ చాలు. సెలెక్ట్ అయినవాళ్లకు హోస్ పైపు పట్టడం దగ్గర నుంచి అన్నీ డిపార్ట్‌మెంటే నేర్పిస్తుంది. ఎవరో గ్యారంటీ ఇస్తే వచ్చే ఉద్యోగం కాదిది.

అయితే ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఈ పోస్టులు ఏటా పడవు. 2022లో వచ్చిన పోలీసు నోటిఫికేషన్‌లో ఫైర్‌మెన్ పోస్టులే లేవు. అందుకని ఒక్క దాని మీదే ఆశ పెట్టుకుని పిల్లోణ్ని ఇంట్లో కూర్చోబెట్టకండి, డిగ్రీలో చేర్చండి. డిగ్రీ ఉంటే రేపు స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు పడినప్పుడు వాటికీ అప్లై చేసుకోవచ్చు, అవి ఎస్ఐ నోటిఫికేషన్‌తో కలిసి వస్తుంటాయి.

రాష్ట్రం ఒక్కటే దారి అనుకోవద్దు. సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం)లో కానిస్టేబుల్ ఫైర్ అని వేరే ఉద్యోగం ఉంది. 2024లో 1130 పోస్టులు పడ్డాయి, ఇంటర్‌లో సైన్స్ చదివిన మగపిల్లలకు, వయసు 18 నుంచి 23. ఇందులో 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి. మీవాడు ఎంపీసీ కాబట్టి అర్హత ఉంది, దమ్ము ఉందో లేదో ఆదోని గ్రౌండ్లో నాలుగు వారాలు పరిగెడితే వాడికే తెలిసిపోతుంది (పైసా ఖర్చు లేదు, ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ పరీక్ష గురించి ఒక్క మాటైనా చెప్పారా?). ఎయిర్‌పోర్ట్ అథారిటీ కూడా ఫైర్ సర్వీసులో జూనియర్ అసిస్టెంట్లను తీసుకుంటుంది. అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ అడుగుతారు, కాబట్టి పద్దెనిమిది నిండగానే కారు లైసెన్స్ తీయించండి. ఇరవై నిండాక హెవీ లైసెన్స్‌కు వెళ్లొచ్చు. ఫైరింజను నడిపి పంపు కూడా చూసుకునే మనిషికి ఈ రంగంలో ఎప్పుడూ గిరాకీ ఉంది, సీఐఎస్ఎఫ్ ఆ పోస్టులు వేరేగా తీస్తుంది. లక్షా ఇరవై వేల డిప్లొమా కంటే ఆ లైసెన్సే నయం అని నేను మొహమాటం లేకుండా చెప్తా.

ఇప్పుడు అసలు విషయం. ‘ఫైర్’ వేరు, ‘సేఫ్టీ’ వేరు, ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రెండూ కలిపి అమ్ముతున్నారు. మీవాడికి సైరన్ మోగితే బండెక్కి పోవాలని ఉందా, లేక ఫ్యాక్టరీలో మంట పుట్టకుండా చూసే పని కావాలా? రెండోది చిన్న పని కాదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు, ఓర్వకల్లు పరిశ్రమలు, ఎక్కడైనా సేఫ్టీ మనుషులు కావాలి. పెద్ద కర్మాగారాల్లో సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టడం చట్ట ప్రకారం తప్పనిసరి కూడా. కానీ ఆ ఉద్యోగానికి సాధారణంగా ముందు ఇంజనీరింగ్ డిగ్రీయో పాలిటెక్నికో ఉండి, దాని మీద గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉండాలి, చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఇచ్చేలాంటిది. ఇంటర్ మీద ఏడాది చదివిన సర్టిఫికెట్‌తో వెళ్తే గేటు దగ్గర హెల్మెట్లు పంచే పని ఇస్తారు. గల్ఫ్ కంపెనీలు కూడా అనుభవం చూస్తాయి, బ్రిటన్ వాళ్ల నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్ అడుగుతాయి.

చదువు మీద ఆసక్తి ఉంటే నేరుగా ఇంజనీరింగే ఉంది. నాగపూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ కేంద్ర హోంశాఖది, అక్కడ నాలుగేళ్ల ఫైర్ ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది. కొచ్చిన్ యూనివర్సిటీలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది, దానికి వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష రాయాలి. దాన్నీ క్యాట్ అనే అంటారు, ఎంబీఏ క్యాట్ అనుకుని వదిలేయకండి.

ఇక వాళ్లమ్మ భయం. అది తప్పుడు భయం కాదు, ప్రమాదం ఉంది, మంట కంటే పొగే ఎక్కువ ప్రాణం తీస్తుంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి ఫైర్ వారోత్సవాలు చేసేది కూడా 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు చనిపోయిన ఫైర్‌మెన్ జ్ఞాపకంగానే. కానీ రోజువారీ పని సినిమాల్లో చూసినట్టు ఉండదు. మన సీమలో ఎండాకాలం ఎక్కువ కాల్స్ గడ్డివాములు, కొట్టాలు, బావిలో పడ్డ ఎద్దులు. వరదొస్తే పడవలు వేసుకుని పోవాలి, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు మీద పడ్డ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పండగలకు సెలవు ఆశ వద్దు, దీపావళికి అసలే వద్దు.

పత్తి మంట సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పత్తిలో చిన్న రాయో ఇనుప ముక్కో వచ్చి మిషన్లో నిప్పురవ్వ లేస్తే చాలు. బేలు పైన నీళ్లు కొడితే పైపైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల కుములుతూనే ఉంటుంది, గంటల తర్వాత మళ్లీ లేస్తుంది. బేళ్లు విప్పి, చెదరగొట్టి, తడిపి, మళ్లీ చూసి, అలా పొద్దుపోయే దాకా చేయాలి. గడ్డివామూ అంతే. ధైర్యం కంటే ఓపిక కావాలి ఈ పనికి. మీవాడికి ఆ ఓపిక ఉందో లేదో నాకంటే మీకే తెలుసు.

ఇంకోటి, గుర్తింపు ఎక్కువగా మంటలు ఆర్పినదానికే వస్తుంది గానీ సగం పని ముందు జాగ్రత్తే. 2013లో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, 2025 అక్టోబరులో మన కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సులు కాలినప్పుడు నిమిషాల్లోనే అంతా అయిపోయింది, ఎంత బాగా పనిచేసే ఫైరింజనైనా అంత తొందరగా చేరలేదు. అందుకే స్కూళ్లలో, బస్తీల్లో గ్యాస్ సిలిండర్ అంటుకుంటే ఏం చేయాలో చూపించడం, ఆస్పత్రుల్లో, గోదాముల్లో తనిఖీ చేయడం, ఇవన్నీ ఫైర్ ఉద్యోగంలో భాగమే. జనంతో మాట్లాడ్డం ఇష్టం లేని పిల్లోడికి ఇది కష్టం.

ఈ వారంలో మీరు చేయాల్సింది చిన్న పని. కాల్ లేని టైం చూసుకుని, మీవాణ్ని తీసుకుని ఆదోని ఫైర్ స్టేషన్‌కు వెళ్లండి. డ్యూటీలో ఉన్న ఫైర్‌మన్‌తో ఒక గంట మాట్లాడించండి, జీతం గురించి కూడా సిగ్గుపడకుండా అడగమనండి. వీలైతే వాళ్లమ్మనూ తీసుకెళ్లండి. ఆ ఇన్‌స్టిట్యూట్‌ను మాత్రం రెండు కాగితాలు అడగండి: ఆ డిప్లొమాకు గుర్తింపు ఇచ్చింది ఏ ప్రభుత్వ బోర్డో చూపించే ఉత్తర్వు, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు ఇస్తామని సంతకం పెట్టిన హామీ. ‘ముందు అడ్వాన్స్ కట్టండి, తర్వాత చూపిస్తాం’ అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.