రెటినోస్కోపీలో పెద్దవాళ్లందరికీ అర ప్లస్ ఎక్కువ వస్తుంటే

తమ్ముడూ, ఆప్టోమెట్రీ రెండో ఏడాది, సెలవులకి బొబ్బిలి వచ్చి ఇంట్లోవాళ్ల మీద రెటినోస్కోపీ (కంట్లోకి లైటు వేసి, తిరిగొచ్చే వెలుగు కదలికని బట్టి కళ్లజోడు పవర్ కనుక్కోవడం) ప్రాక్టీస్ చేస్తుంటే పెద్దవాళ్లందరికీ అసలు పవర్ కంటే +0.50 ఎక్కువ వస్తోందన్నావు కదా. ఒకరిద్దరికైతే వేరే సంగతి, అందరికీ అంతే తేడా అంటే ముందు అనుమానించాల్సింది నీకూ ఎదుటి కంటికీ మధ్య దూరాన్నే, వచ్చిన పవర్‌లోంచి ఆ దూరానికి తగ్గ పవర్ తీసెయ్యాలి కదా. 67 సెం.మీ. అనుకుని 1.50 తీసేస్తున్నావు గానీ నిజానికి 50 దగ్గర కూర్చుంటున్నట్టున్నావు, అక్కడైతే 2.00 తీసెయ్యాలి. రెటినోస్కోప్‌కి ఓ పురికొస కట్టి 67 దగ్గర ముడి వెయ్యి, ఆ ముడి ఎదుటి మనిషి కణత దగ్గరికి వచ్చేలా లాగి పట్టుకుని చూడు. నవ్వులాటగా ఉంటుంది, కానీ లెన్స్ మార్చిన ప్రతిసారీ తెలీకుండా ముందుకి వంగుతున్నావో లేదో అదే చెప్పేస్తుంది.

మీ చెల్లికి మాత్రం మైనస్ వైపు పోతోందన్నావు. ఆ పిల్ల నీ లైటునే చూస్తోందేమో, దగ్గరికి చూస్తే కన్ను ఫోకస్ మార్చేసుకుంటుంది. దూరంగా చూపించడానికి ఆరు మీటర్ల గది మన ఇళ్లలో ఎక్కడుంటుంది గానీ, సాయంత్రం పూట లైట్లు వెయ్యకుండా కిటికీలోంచి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు చూడమను. తన కుడి కన్నుకి నీ కుడి కన్ను, ఎడమకి ఎడమ వాడు, లేకపోతే నీ తలే అడ్డం.

మీ మామ్మగారికి రిఫ్లెక్స్, అంటే కంట్లోంచి తిరిగొచ్చే వెలుగు, మసగ్గా ఉందంటే శుక్లం కావచ్చు. 25 సెం.మీ.కి జరిగి 4.00 తీసెయ్, అప్పటికీ ఆ వెలుగు కదలిక తెలీకపోతే ఇంక కుస్తీ పట్టకుండా విజయనగరం తీసుకెళ్లి కంటి డాక్టర్‌కి చూపించు.