స్పీగెల్ గ్రోవ్ మీద మొదటి డైవ్: ముందు గాలి లెక్క

స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కోర్సు అయింది, 15 డైవ్‌లు చేశాను, ఫ్లోరిడా కీ లార్గో దగ్గర కావాలని ముంచిన స్పీగెల్ గ్రోవ్ ఓడకి వెళ్ళొచ్చా, లోపలికి కూడా దూరొచ్చా అని అడిగారు. గైడ్‌ని పెట్టుకుని బయట తిరగండి. లోపలికి మాత్రం వద్దు.

ఇది 510 అడుగుల నౌకాదళ ఓడ. 2002 మేలో అనుకున్న వేళకంటే ముందే మునిగి తలకిందులైంది. ఆ తర్వాత పక్కకి ఒరిగి పడి ఉంటే, 2005లో డెనిస్ తుపాను వచ్చి నిలబెట్టేసింది! కింద ఇసుక సుమారు 130 అడుగుల్లో ఉంటుంది. 32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) తీసుకుంటే 110 అడుగులు దాటకండి. సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో అనలైజర్ పెట్టి మీరే చూసుకోండి.

కొత్తవాళ్ళు డైవ్ కంప్యూటర్‌లో (లోతు, సమయం లెక్కగట్టే పరికరం) ఆ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చూస్తుంటారు. అక్కడ ముందు అయిపోయేది గాలి. 100 అడుగుల్లో పీడనం పైకంటే 4 రెట్లు, కాబట్టి పైన నిమిషానికి 0.75 ఘనపుటడుగులు పీల్చేవాళ్ళు కింద 3 పీలుస్తారు. ఇప్పుడు మీ జోడీకి, అంటే మీతో కలిసి దిగినవాళ్ళకి, గాలి అయిపోయిందనుకోండి. కంగారులో ఇద్దరూ నీటి పైన కొలిచే లెక్కన నిమిషానికి చెరో 1 ఘనపుటడుగు చొప్పున మీ సిలిండర్ నుంచే లాగుతారు. తేరుకోవడానికి ఒక నిమిషం పడితే 8 ఘనపుటడుగులు పోతాయి. నిమిషానికి 30 అడుగుల చొప్పున పైకి రావడానికి 17, 15 అడుగుల దగ్గర 3 నిమిషాలు ఆగడానికి 9. మొత్తం 34. మామూలు 80 ఘనపుటడుగుల అల్యూమినియం సిలిండర్‌లో ఇది దాదాపు 1300 పీఎస్ఐ (గేజ్ మీద కనిపించే పీడనం కొలత). అంటే 1300 చూపించేసరికి మీరు దిగిన తాడు దగ్గర, పైకి బయల్దేరుతూ ఉండాలి. దిగే సమయంతో కలిపి చేతిలో ఉండేది ఓ 15 నిమిషాలే.

ఏ తాడు పట్టుకుని దిగారో, అది ఓడకి ఎక్కడ కట్టి ఉందో గుర్తుపెట్టుకోండి, దాని మీదే పైకి రావాలి. ప్రవాహం ఎక్కువ. తాడు పట్టుకుంటే ఒళ్ళు జెండాలా అడ్డంగా తేలుతోందంటే ఆ డైవ్ మానుకోవడమే మంచిది.

ముంచేముందు గోడలకి కోసిన కంతలు చూసి లోపల సులువనుకోకండి. ఒక్కసారి కాలి రెక్క (ఫిన్) ఆడిస్తే సన్నటి మడ్డి లేస్తుంది, మీరు వదిలిన బుడగలు కప్పుకి తగిలి తుప్పు రాలుస్తాయి, లైటు వేసినా చెయ్యి కనపడదు. 2007లో ముగ్గురు అనుభవజ్ఞులు దీని లోపలే చనిపోయారు. రెక్ కోర్సు (మునిగిన ఓడల్లో డైవింగ్ శిక్షణ) చేసి, తిరిగొచ్చే దారి కోసం రీలు దారం వెయ్యడం చేతికి అలవాటయ్యాక చూద్దురుగాని.

గ్లవ్స్ వేసుకోండి. తాడుకి పట్టిన హైడ్రాయిడ్లు (కుట్టే చిన్న సముద్ర జీవులు) తగిలితే చురుక్కుమంటుంది.