మా ఇంట్లో లాయర్ ఎవరూ లేరు, మా అమ్మాయి నిలబడుతుందా?

ప్రశ్న: మాది పుత్తూరు. చిన్న బట్టల కొట్టు నడుపుకుంటున్నాను. మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ చదివి, ఇప్పుడు తిరుపతిలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఇంటర్న్‌షిప్ అని చిత్తూరు కోర్టుకు వెళ్లి, సాయంత్రం దాకా బార్ లైబ్రరీలో పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటోంది. మా బంధువుల్లో లాయర్ ఒక్కరూ లేరు. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినదు. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటోందని మీరు బాధపడుతూ రాశారు. నాకు ఆ మాటే ధైర్యమిచ్చింది. లాయర్ల ఇంట్లో పుట్టిన పిల్లలకు చిన్నప్పటి నుంచి ఇంటినిండా లా పుస్తకాలు ఉంటాయి. అవి లేనివాళ్లకు బార్ లైబ్రరీయే పుట్టిల్లు. ఒక్కరు కొనలేని పుస్తకాలను పదిమంది లాయర్లు కలిసి కొని ఒకచోట పెట్టుకోవడమే దాని పద్ధతి.

చిత్తూరులో ఈ వృత్తికి వేళ్లు లోతుగా ఉన్నాయి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు, ఉత్తర ఆర్కాటు జిల్లాకు కూడా ఈ ఊరే కేంద్రం. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1843లో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు గారు మద్రాసు వెళ్లి, కాయలి వెంకటపతి అనే పేరున్న వకీలు దగ్గర జూనియర్‌గా చేరి పని నేర్చుకున్నారు. 1869లో సొంతంగా ప్రాక్టీస్ పెట్టారు. 1891లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు.

ఇంకొకరి సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. తిరుచానూరులో 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు తిరుపతి దేవస్థానం హైస్కూల్లో చదువుకున్నారు. మొదట లెక్కల టీచరు! ఆ తర్వాతే లా చదివి, 1915 నుంచి చిత్తూరులో ప్రాక్టీస్ చేశారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు, చిత్తూరు బార్ అసోసియేషన్‌కు అధ్యక్షులయ్యారు. 1956లో లోక్‌సభ స్పీకరయ్యారు. లెక్కలు చదివిన పిల్ల లా చదవడం ఈ జిల్లాకు కొత్త కాదండీ.

ఇక ఆ పాత పుస్తకాల సంగతి. అవి కోర్టు తీర్పులను అచ్చువేసిన సంపుటాలు. వాటిలో ఇండియన్ లా రిపోర్ట్స్ (ఐఎల్‌ఆర్) మద్రాస్ సంపుటాలు 1876 నుంచి ఉన్నాయి. మద్రాస్ లా జర్నల్ 1891లో మొదలైంది, ఆలిండియా రిపోర్టర్ సంపుటాలు 1914 నుంచి ఉన్నాయి. 1954లో గుంటూరులో హైకోర్టు పెట్టిన తర్వాత మనకు ఆంధ్ర సంపుటాలు వేరయ్యాయి. కానీ అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులను, తర్వాత చట్టమో పై కోర్టో మార్చి ఉంటే తప్ప, మన కోర్టులు ఇప్పటికీ పాటించాల్సిందే. కాబట్టి ఆమె తిరగేస్తున్నది చెల్లని కాగితాలేమీ కాదు.

అక్కడ ఆమె చేయాల్సిన పని ఒకటి చెబుతాను. ఐఎల్‌ఆర్ 30 మద్రాస్ 138 తీయమనండి. 30 సంపుటం, 138 పేజీ. తిరుమల దేవస్థానం నిర్వహణ మీద మహంతు (మఠాధిపతి) ప్రయాగదాస్ గారి కాలంలో నడిచి, 1907లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టు దాకా వెళ్లిన దావా అది. తీర్పుకు ముందు హెడ్‌నోట్ అని చిన్న సారాంశం ఉంటుంది. దాని మీద తెల్లకాగితం కప్పి, తీర్పు మొత్తం చదవమనండి. గొడవ ఏమిటి, కోర్టు ఏం తేల్చింది, ఎందుకు అని తనే అరపేజీ రాయాలి. తర్వాత కాగితం తీసి పోల్చుకోవాలి. మొదటి నెలలో సగం తప్పులే వస్తాయి. రోజుకొకటి చేస్తూ పోతే ఆర్నెల్లలో చేయి తిరుగుతుంది. సుప్రీంకోర్టు 2023లో ఈ-ఎస్‌సీఆర్ అనే ఆన్‌లైన్ తీర్పుల సంపుటి ప్రారంభించాక దాని తీర్పులు ఫోన్లోనే ఉచితంగా దొరుకుతున్నాయి, ఇంట్లోనూ సాధన చేయవచ్చు.

డబ్బు విషయం దాచను. మొదటి మూడు నాలుగేళ్లు సంపాదన చాలా తక్కువ, బస్సు చార్జీలు మీరే ఇవ్వాల్సి రావచ్చు. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాక్టీస్ కొనసాగించాలంటే ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసవ్వాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో తీర్పు వచ్చింది. అంటే జడ్జి కావాలన్నా ఈ మూడేళ్లు ఎలాగూ కావాలి. అప్పటిదాకా ఆగండి, బ్యాంకు మాట ఆ తర్వాత చూద్దాం.

ఆడపిల్ల అని లోపల భయముంటే, అదీ అర్థమవుతుంది. ఆడవాళ్లు వకీళ్లు కాకూడదన్న అడ్డు 1923 చట్టంతో పోయింది. 1978లో కె. అమరేశ్వరి గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు.

ఒక్క పని మీరు చేయండి. ఏ సీనియర్ దగ్గర చేరాలో తేల్చుకునే ముందు, అమ్మాయితో కలిసి ఆయన ఆఫీసుకు వెళ్లండి. బల్ల మీద పుస్తకాల్లో చీటీలు పెట్టి ఉన్నాయా, జూనియర్లతో డ్రాఫ్టులు రాయిస్తున్నారా, లేక కోర్టులో వాయిదా అడగడానికే పంపిస్తున్నారా అని చూడండి. రాయించే ఆఫీసులోనే చేర్పించండి.