అంతా పూర్వజన్మ కర్మే అయితే మన ప్రయత్నానికి చోటెక్కడ?

నాన్నగారి జబ్బుకీ, మీకు ఉద్యోగం రాకపోవడానికీ ఇంట్లో అందరూ "అంతా కర్మ" అంటున్నారనీ, అలాగైతే కష్టపడటం దేనికి, ఈ జన్మకి ప్రయోజనమేంటి అనీ అడిగారు.

కర్మ మీద నాకు గట్టి నమ్మకం ఉంది. కానీ చేతులు కట్టుకుని కూర్చోమని అది ఎక్కడా చెప్పలేదు. జన్మజన్మలుగా పోగైంది సంచితం. అందులో ఈ జన్మలో అనుభవానికి వచ్చింది ప్రారబ్ధం. ఇప్పుడు చేసేవాటి వల్ల కొత్తగా చేరేది ఆగామి. ప్రారబ్ధం వదిలేసిన బాణం, వెనక్కి రాదు. మరి అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఆగామి అని ఇంకొకటి చెప్పాల్సిన పనేముంది?

గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం చూడండి. ఏ పనికైనా ఐదు కారణాలు: శరీరం, చేసేవాడు, ఇంద్రియాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. మనవాళ్లు ఐదోదాన్నే పట్టుకుంటారు. అదే అధ్యాయం 63లో, అంతా చెప్పాక, బాగా ఆలోచించుకుని "యథేచ్ఛసి తథా కురు", నీకెలా తోస్తే అలా చెయ్యమని అర్జునుడికే వదిలేస్తాడు కృష్ణుడు.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు కింది వాటా బామ్మగారి కుటుంబం మా మేడ మీదే ఉంది. "ఏ జన్మలో ఏ పాపం చేశామో" అని ఆవిడ ఒకటే ఏడుపు. ఇంటర్ చదివే మనవడు పాత చీర చింపి బకెట్‌కి కట్టి, బాల్కనీలోంచి పడవలోకి దించి పాల ప్యాకెట్లు పైకి లాగాడు. ముందుగా పక్క మేడలో చంటిపిల్ల ఉన్నవాళ్లకి అందించాడు. వరదని వాడు ఆపలేడు. పాలు ముందు ఎవరికన్నది మాత్రం వాడి నిర్ణయమే. కాసేపటికి బామ్మగారే లేచి చీర ముడి గట్టిగా ఉందో లేదో చూడటం మొదలుపెట్టారు.

ఎదుటివాళ్ల కష్టాన్ని "వాళ్ల కర్మ" అని తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు. వాళ్ల సంచితం లెక్క మనకేం తెలుసు? మీ నాన్నగారి విషయంలో ఎవరైనా అలా అంటే పట్టించుకోకండి.

ఇక జన్మకి ప్రయోజనం అంటే ధర్మార్థకామమోక్షాలు నాలుగూ చెప్పారు. ఫలం మీద పట్టు వదిలి పని చేస్తే చిత్తశుద్ధి, అంటే మనసుకి నిర్మలత్వం, వస్తుందనీ, మోక్షానికి దారి అదేననీ గీత చెప్పేది. రిజల్ట్ గురించి టెన్షన్ పక్కన పెట్టి వచ్చే ఇంటర్వ్యూకి చదవండి. నాన్నగారి మందులు టైముకి ఇవ్వండి, ఇంకో డాక్టరుకి కూడా చూపించండి.