నల్గొండ జిల్లాలో జనరేటర్ గవర్నర్ విడిభాగాల హోల్‌సేల్ పెట్టాలంటే మొదట ఏ సరుకు తెచ్చుకోవాలి?

దేవరకొండలో జనరేటర్ల మెకానిక్ షాపు నడుపుతున్న మీరు, గవర్నర్, అంటే ఇంజన్ వేగాన్ని అదుపుచేసే ఏర్పాటు, దాని విడిభాగాల హోల్‌సేల్ మొదలుపెట్టదలచి, ముందుగా ఏ సరుకు ఎంత తెచ్చుకోవాలని అడిగారు. మిర్యాలగూడలో 12 ఏళ్లుగా ఇదే సరుకును మెకానిక్‌లకు, చిన్న స్పేర్‌పార్ట్స్ దుకాణాలకు ఇస్తున్నాను. నా అనుభవంలో ఈ వ్యాపారాన్ని దెబ్బతీసేది అమ్ముడుపోని సరుకు కాదు, పాడైందని వాపసు వచ్చే మంచి సరుకు.

50 హెర్ట్జ్ కరెంటు రావాలంటే నాలుగు పోళ్ల ఆల్టర్నేటర్‌ను తిప్పే ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు నిలకడగా తిరగాలి. ఆ వేగం ఎక్కుతూ దిగుతూ ఉంటే మెకానిక్‌లు హంటింగ్ అంటారు. హంటింగ్ కనబడగానే చాలామంది మొదట మార్చేది కార్డు, అంటే స్పీడ్ కంట్రోలర్. కొన్నేళ్ల క్రితం యాసంగి ధాన్యం మిల్లులకు వస్తున్న రోజుల్లో ఒక మిల్లు మెకానిక్ వారంలో రెండు కార్డులు తీసుకెళ్లి రెండూ పనిచేయడం లేదని తిరిగి తెచ్చాడు. నేను వాటిని సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని డీలరుకు పంపితే, లోపం లేదని వెనక్కి వచ్చాయి. వాడి తీసిన ఆ కార్డుల డబ్బు నా మీదే పడింది. చివరికి నేనే మిల్లుకు వెళ్లి చూస్తే, కార్డు చెప్పినట్టు కదిలి డీజిల్‌ను పెంచే, తగ్గించే యాక్చుయేటర్ చేతికీ ఫ్యుయల్ పంపుకూ మధ్య ఉన్న లింకేజ్ రాడ్డులో బాల్ జాయింట్ అరిగి వదులుగా ఉంది. కార్డు ఇచ్చే చిన్న సవరణ ఆ వదులులోనే పోయి పంపుదాకా చేరకపోవడం, అది చాలక కార్డు ఇంకా ఎక్కువ ఇవ్వడం, అప్పుడు వేగం మితిమీరడం, ఇదే అక్కడి హంటింగ్. కార్డు ధరలో ఇరవయ్యో వంతు కూడా లేని జాయింట్ మార్చగానే ఇంజన్ కుదుటపడింది.

అప్పటి నుంచి దుకాణంలో ఒక పరీక్ష బల్ల పెట్టుకున్నాను. 12, 24 వోల్టుల సప్లై, సిగ్నల్ జనరేటర్, ఒక మంచి యాక్చుయేటర్ ఉంటే చాలు. ఫ్లైవీల్ రింగ్ గేరుకు 118 పళ్లున్న ఇంజన్ 1500 వేగంలో, ఆ పళ్లను పసిగట్టి కార్డుకు వేగం తెలిపే మాగ్నెటిక్ పికప్ నుంచి 2950 హెర్ట్జ్ ఇస్తుంది. ఆ వేగానికి సెట్ చేసిన కార్డుకు అంతకంటే కొంచెం తక్కువ ఇస్తే యాక్చుయేటర్ చేయి పూర్తిగా తెరుచుకోవాలి, కొంచెం ఎక్కువ ఇస్తే వెనక్కి రావాలి. మెకానిక్ ఎదుటే ఈ పరీక్ష చేస్తే వాదన ఉండదు, సంబంధమూ చెడదు.

సరుకు విషయానికి వస్తే, మాగ్నెటిక్ పికప్‌లను, బాల్ జాయింట్లను ఎక్కువగా, కార్డులను, యాక్చుయేటర్లను కొద్దిగా తెచ్చుకోండి. పికప్‌లలో 16 మిల్లీమీటర్ల మరా, 5/8 అంగుళాల మరా కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని రంధ్రంలో ఇంకొకదాన్ని బలవంతంగా బిగిస్తే ఫ్లైవీల్ హౌసింగ్ మరలే పోతాయి. అందుకే రెండింటినీ వేర్వేరు రంగు డబ్బాల్లో పెట్టి, అమ్మేముందు పాత పికప్ తెచ్చి చూపించమని అడుగుతాను. పికప్‌ను రింగ్ గేరు పంటి కొనకు తాకేదాకా తిప్పి, ముప్పావు చుట్టు వెనక్కి తీయాలని కూడా ప్రతిసారీ చెబుతాను. యాక్చుయేటర్ల మీద వోల్టేజీ చూడకుండా ఎప్పుడూ ఇవ్వకండి.

ఉద్దెర తప్పదు, మిల్లుల నుంచి మెకానిక్‌కు డబ్బు సీజన్ ముగిశాకే వస్తుంది కాబట్టి మన డబ్బూ అప్పుడే వస్తుంది. అందుకని పెట్టుబడిలో సగం చేతిలో ఉంచుకోండి.

ఇంకొక మాట బాధతోనే చెబుతున్నాను. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక డీజిల్ పంపుసెట్ల గవర్నర్ స్ప్రింగులు అడిగేవారు మా దగ్గర బాగా తగ్గిపోయారు. 2023 జూలై 1 నుంచి కొత్త జనరేటర్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సీపీసీబీ నాలుగు ప్లస్ కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటికోసం వస్తున్న ఎలక్ట్రానిక్ ఇంజన్లలో వేగాన్ని ఈసీయూ, అంటే ఇంజన్‌లోని కంప్యూటరే అదుపుచేస్తుంది, విడిగా కార్డు ఉండదు. పాత ఇంజన్లు ఇంకా చాలాకాలం నడుస్తాయి గానీ, వాటిని నమ్మి ఏళ్లకు సరిపడా సరుకు నింపుకోవడం తగదు.

కాబట్టి డబ్బు పెట్టకముందు ఒక నెల రోజులు దేవరకొండ, హాలియా, కల్వకుర్తి వైపు తిరిగి, ప్రతి జనరేటర్ నేమ్‌ప్లేటు, బ్యాటరీ వోల్టేజీ, పికప్ మర కొలత ఒక పుస్తకంలో రాసుకోండి. మొదటి ఆర్డరు ఆ పుస్తకం చూసి ఇవ్వండి.