టంచనుగా వడ్డీ వస్తే వ్యాపారం ఉన్నట్టేనా?

ప్రశ్న: ‘పోంజీ స్కీము’ అని పేపర్లో తరచూ చదువుతుంటాం. ఈ పోంజీ ఎవరు? పోస్టు కూపన్లతో లాభాలు తీస్తానన్నాడట. ఆ వ్యాపారం నిజంగా కుదిరేదేనా? – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: చార్లెస్ పోంజీ 1882లో ఇటలీలోని లూగోలో పుట్టాడు. 1903లో అమెరికాకు వెళ్లి బోస్టన్‌లో దిగాడు. కొన్నేళ్లకు కెనడా చేరి, మాంట్రియల్‌లో జరోసీ అనే ఆయన నడిపే బ్యాంకులో పనికి కుదిరాడు. ఇతర బ్యాంకులకు రెట్టింపుగా అక్కడ 6 శాతం వడ్డీ ఇచ్చేవారు. ఇచ్చేది మాత్రం కొత్తవాళ్ల డిపాజిట్లలోంచి తీసి. ఆ బ్యాంకు మునిగింది. తర్వాత పోంజీ ఫోర్జరీ చెక్కు కేసులో జైలుకు వెళ్లాడు. 1919 చివర్లో బోస్టన్‌లో సొంతంగా మొదలుపెట్టేనాటికి ఈ పద్ధతి అతనికి కొత్తేమీ కాదు.

కూపను మాత్రం అసలైనదే. విదేశంలో ఉన్నవారికి ఉత్తరం రాసి, జవాబుకు స్టాంపు ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలంటే, అంతర్జాతీయ రిప్లై కూపను కొని కవర్లో పెట్టేవాళ్లు. అందుకున్నవారు దాన్ని తమ పోస్టాఫీసులో ఇచ్చి స్టాంపు తీసుకునేవారు. కూపను మారకం 1906 నాటి ఒప్పందంతో స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ లాంటి దేశాల డబ్బు విలువ పడిపోయినా ఆ మారకం అలాగే ఉండిపోయింది. అక్కడ చౌకగా కొని అమెరికాలో 5 సెంట్ల స్టాంపుగా మార్చుకుంటే కాగితం మీద లాభం కనిపిస్తుంది. కానీ చేతికి వచ్చేది స్టాంపే, డబ్బు కాదు. వాటిని మళ్లీ ఎవరికో ఒకరికి అమ్మాలి.

ఇక పరిమాణం చూడండి. 100 డాలర్లకు 90 రోజుల్లో 150 ఇస్తానని ప్రోనోటు రాసి, 45 రోజులకే ఇచ్చేవాడు. మన లెక్కలో నూటికి నెలకు 33 రూపాయల వడ్డీ. 8 నెలల్లో 95,82,000 డాలర్లు తీసుకుని 1,43,74,000 డాలర్లకు నోట్లు రాసిచ్చాడు. 5 సెంట్ల చొప్పున అంత సొమ్ము రావాలంటే 28 కోట్లకు పైగా కూపన్లు కావాలి. క్లారెన్స్ బారన్ అనే ఆర్థిక విశ్లేషకుడు 1920 జులైలోనే ఈ కోణంలో లెక్క వేశాడు: అప్పటి పెట్టుబడులకు 16 కోట్ల కూపన్లు కావాలి, చెలామణిలో ఉన్నవి దాదాపు 27 వేలు. ఇంత గొప్ప లాభం వచ్చేచోట పోంజీ తన సొంత డబ్బు ఎందుకు పెట్టడం లేదని కూడా అడిగాడు. ఇవాళ ఏ స్కీము వచ్చినా ముందుగా అడగాల్సిన ప్రశ్న అదే.

నిజానికి పోంజీ ఎక్కడా పెట్టుబడి పెట్టలేదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. నూటికి 50 లాభం, 10 ఏజెంటు కమీషన్. అంటే వంద తెచ్చిన ప్రతి మనిషితో 60 లోటు. జనం పెరిగేకొద్దీ అప్పు పెరిగింది.

ప్రశ్న: మా బంధువు లక్ష కడితే నెలకు 10 వేలు చొప్పున మూడు నెలలుగా టంచనుగా వస్తోంది. నోటరీ చేసిన బాండు ఉంది, కంపెనీకి రిజిస్ట్రేషనూ ఉంది. ఇది మోసమెలా అవుతుంది? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మూడు నెలల్లో వచ్చింది 30 వేలు. మీ బంధువు లక్ష వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి, ఆ 30 వేలు అందులోంచే తీసి ఇవ్వవచ్చు. ఏ వ్యాపారమూ లేకుండా కమీషన్లు పోను ఇంకా ఐదారు నెలలు ఇలాగే నడపవచ్చు. టంచనుగా ఇవ్వడం వ్యాపారానికి రుజువు కాదు. ఆ వచ్చిన డబ్బు చూసే బంధువులు, ఇరుగుపొరుగు చేరతారు.

నోటరీ ముద్ర సంతకానికి సాక్ష్యమే తప్ప డబ్బుకు హామీ కాదు. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు ఉన్నంత మాత్రాన డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి ఉన్నట్టు కాదు. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీ కూడా ఏడాదికి 12.5 శాతం మించి ఇవ్వకూడదు. అంటే నెలకు నూటికి రూపాయి నాలుగు పైసలు. దీని పక్కన పది రూపాయల వడ్డీని పెట్టి చూడండి. కంపెనీ పేరును రిజర్వు బ్యాంకు ‘సచేత్’ వెబ్‌సైటులో వెతకండి. ఫిర్యాదు కూడా అక్కడే చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం అనుమతి లేని డిపాజిట్ స్కీము నడపడమే నేరం. తెలిసీ అబద్ధాలు చెప్పి చేర్పించిన ఏజెంటుకూ శిక్ష ఉంటుంది. మీ బంధువు అసలు సొమ్ము వెనక్కి అడగాలి, ఇంకెవరినీ చేర్చకూడదు.

ప్రశ్న: చీటీ కూడా ఇలాంటిదేనా? – ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: కాదు. చీటీలో సభ్యులెందరో, వాయిదాలెన్నో ముందే తేలిపోతాయి. పాడుకున్నవారు వదులుకున్న మొత్తమే మిగతావారికి డివిడెండు. కొత్తవాళ్లు రానవసరం లేదు. అయితే 1982 చట్టం ప్రకారం రిజిస్ట్రారు అనుమతి, రిజిస్టరైన ఒప్పందం ఉండాలి. ఈ రెండూ లేని చీటీలో దాన్ని నడిపే ఫోర్‌మన్ ఊరు విడిస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: పోంజీ బాధితులకు డబ్బు తిరిగొచ్చిందా? ఇక్కడ మునిగినవాళ్లు ఏం చేయాలి? – ఒక పాఠకుడు, కడప

జవాబు: సగం కూడా రాలేదు. 1920 ఆగస్టు 2న పత్రికలో నిజం బయటపడగానే జనం ఎగబడ్డారు. గడువు తీరనివాళ్లకు అసలు మాత్రమే ఇచ్చాడు. అలా ఆ వారంలో వెనక్కి తీసుకున్న కొందరిపై దివాలా ట్రస్టీలు దావా వేస్తే, మిగతా బాధితులతో సమానంగా పంచుకోవడానికి ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలని 1924లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోంజీ జైలుకెళ్లాడు. మధ్యలో ఫ్లోరిడాలో స్థలాల స్కీము పెట్టి మళ్లీ కేసుల పాలయ్యాడు. 1934లో ఇటలీకి పంపేశారు. 1949లో బ్రెజిల్‌లోని రియోలో ధర్మాసుపత్రిలో చనిపోయాడు.

మన రాష్ట్రంలో డిపాజిటర్ల రక్షణకు 1999 చట్టం ఉంది. దాని కింద ప్రభుత్వం మోసగాడి ఆస్తులు జప్తు చేయించవచ్చు. ఆలస్యమైతే ఆ ఆస్తులు చేతులు మారిపోతాయి. కాబట్టి రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఏజెంటు పంపిన మెసేజ్‌లు తీసుకుని వెంటనే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రతి కాగితానికీ రెండు జెరాక్సులు ఉంచుకోండి. ‘రెన్యువల్ చేస్తాం, పాత బాండు ఇవ్వండి’ అని ఎవరొచ్చినా ఒరిజినల్ చేతికివ్వకండి.